పుస్తకాల అరుగు: బూట్లు దొంగిలించని కుర్రోడి మీద మీ ఉత్తరాలు

పోయిన నెల ఇదే పేజీలో లూయిస్ సాకర్ రాసిన 'హోల్స్' అనే పిల్లల నవల గురించి నాలుగు ముక్కలు రాసేను కదండి, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. రాజోలు నుంచి తాడేపల్లిగూడెం దాకా రాసేరు, కొందరు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పెట్టేరు, అంచేత ఈ నెల వేరే పుస్తకం జోలికి వెళ్ళకుండా పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాను.

పోయిన నెల చదవనివాళ్ళ కోసం కథ టూకీగా చెప్తాను. 1998లో అమెరికాలో వచ్చిన నవల, ఆ ఏడే నేషనల్ బుక్ అవార్డు, 1999లో న్యూబెరీ మెడల్ వచ్చేయి. స్టాన్లీ అనే లావుపాటి పేద కుర్రోడు స్కూలు నుంచి ఇంటికి నడిచి వెళ్తుంటే పైన బ్రిడ్జి మీంచి బూట్ల జత వచ్చి నెత్తి మీద పడుతుంది, అవేమో పేరున్న బేస్‌బాల్ ఆటగాడు ఇల్లూవాకిలీ లేని పిల్లల కోసం వేలానికి ఇచ్చిన బూట్లు, వీడు వాటిని పట్టుకుని పరిగెత్తేడు, పోలీసులు ఆపేరు. జడ్జి జైలుకెళ్తావా క్యాంప్ గ్రీన్ లేక్‌కి వెళ్తావా అంటే క్యాంపే అన్నాడు, 18 నెలలు. అది టెక్సాస్‌లో ఎండిపోయిన చెరువు, అక్కడ ప్రతి పిల్లోడూ రోజుకో గొయ్యి తవ్వాలి, ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు.

కథ చివరిదాకా విప్పకుండా జవాబులు రాయడం నావల్ల కాలేదండి. చదవబోయేవాళ్ళు ముందు పుస్తకం పూర్తి చేసి అప్పుడు ఇటు రండి.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మా పాపకి 11 ఏళ్ళు, ఇంగ్లీష్ మీడియం. మీరు రాసింది చదివి కొనిచ్చేను గానీ నేను ముందు తిరగేస్తే హత్యలు, విషపు బల్లులు, పిల్లల్ని ఎండలో చంపుకుతినడం ఇవన్నీ ఉన్నాయి. ఈ వయసుకి చదివించొచ్చా?
(ఒక అమ్మ, రాజోలు)

జవాబు: చదివించండమ్మా, కానీ పుస్తకం చేతికిచ్చి వెళ్ళిపోకండి. మొత్తం 50 చాప్టర్లు, అన్నీ చిన్నచిన్నవి, రాత్రి అన్నాలయ్యేక రెండేసి చొప్పున పక్కన కూర్చుని చదివితే నెల తిరక్కుండా అయిపోతుంది, అర్థం కానిచోట మీరు తెలుగులో కథలాగ చెప్పేయండి. ఆ కుర్రోడి పూర్తి పేరు స్టాన్లీ యెల్నాట్స్, ఇంగ్లీషులో వెనకనుంచి చదివినా అదే వస్తుంది, మన 'వికటకవి' లాగన్నమాట. అది మీ పాప చేతే కనిపెట్టించండి, అక్కడే పుస్తకంతో స్నేహం కుదురుతుంది.

మీకు ఇబ్బంది అనిపించింది సామ్ కథ దగ్గర అనుకుంటున్నాను. వందేళ్ళ క్రితం ఆ చెరువు నిండుగా ఉన్న రోజుల్లో ఉల్లిపాయలమ్మే నల్లజాతి మనిషి సామ్, బడి పంతులమ్మ కేథరిన్ తెల్లావిడ, బడి పైకప్పు కారుతుంటే అతను బాగుచేస్తాడు, తర్వాత కిటికీలు, తర్వాత బల్ల, తర్వాత తలుపు, ఇంక బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదే అని ఆవిడ దిగులుపడుతుంది చూడండి, పిల్లల పుస్తకంలో ప్రేమని అంత శుభ్రంగా చెప్పినవాళ్ళు నాకు తక్కువ మంది తెలుసు. వాళ్ళిద్దరూ ముద్దు పెట్టుకున్నారని తెలిసి ఊరంతా కలిసి బడి తగలబెట్టి, సామ్‌ని చెరువు నీళ్ళల్లోనే తుపాకీతో కాల్చి చంపేస్తారు. ఆ రోజు నుంచి ఆ ఊరికి వాన లేదు. ఈ భాగం రాత్రిపూట వద్దు, పగలు చదవండి, చదివేక పాప అడిగిన ప్రశ్నలకి తప్పించుకోకుండా చెప్పండి. కులం తేడా అని ప్రేమించుకున్నవాళ్ళని చంపిన వార్తలు ఇంటికొచ్చే పేపర్లోనే ఉంటున్నాయి, పిల్లలు మనకంటే ముందే చదువుతున్నారు.

ప్రశ్న: సార్, నేను టెన్త్. మా నాన్న మట్టి పనికి వెళ్తారు, కొబ్బరి గోతులు తవ్వుతారు. ఐదడుగుల గొయ్యి ఒక్క రోజులో ఒక పిల్లోడు తవ్వలేడు అంటున్నారు మా నాన్న. రైటరు ఊరికే రాసేడా?
(పాలకొల్లు దగ్గర నుంచి ఒక విద్యార్థి)

జవాబు: నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇది బాబూ. నేను లెక్కల మాస్టారిని, రా, లెక్క వేద్దాం. గుండ్రటి గొయ్యి, అడ్డంగా ఐదడుగులు అంటే సగం రెండున్నర, రెండున్నర ఇంటూ రెండున్నర ఇంటూ 3.14, దాన్ని లోతు ఐదుతో గుణిస్తే 98 ఘనపుటడుగులు చిల్లర. మీ నాన్నగారు తవ్వే కొబ్బరి గొయ్యి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు అనుకుంటే 27. అంటే స్టాన్లీ రోజుకి మూడున్నర కొబ్బరి గోతులకి పైనే తవ్వుతున్నాడు. ఇంకోలా చెప్పాలంటే ఇసక లెక్కలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కదా, ఒక్కొక్కడు రోజుకి ఇంచుమించు యూనిట్ మట్టి పైకి ఎత్తిపోస్తున్నాడు, తూకం వేస్తే నాలుగు టన్నులు తేలుతుంది. అదీ పగుళ్ళు తీసిన చెరువు అడుగు, పార దిగదు, మొదటిరోజు స్టాన్లీ రెండు కాళ్ళతో పార మీదకి గెంతితే గానీ కాస్తయినా దిగదు.

మీ నాన్నగారు అన్నది నిజమే, చేతులు కాయలు కాసిన మనిషికే అది కష్టం. అందుకే పుస్తకంలో మొదటి గొయ్యి అంతసేపు సాగుతుంది, బొబ్బలు లేస్తాయి, బొబ్బలు చితుకుతాయి, అందరూ వెళ్ళిపోయేక ఒక్కడే మిగుల్తాడు. తెల్లవారుజామున 4:30కే మొదలెడతారు ఎండ పెరక్కుండా. నీళ్ళ బండి వచ్చినప్పుడు లైన్లో కూడా ఎవడి స్థానం వాడిదే, స్టాన్లీ వెనకాల ఉండేవాడు జీరో అని అందరూ పిలిచే పిల్లోడు ఒక్కడే. అక్కడ ఎండ 35 డిగ్రీల చుట్టూ అని రాసేడు, అది వింటే మే నెల్లో 42, 43 చూసే మనకి ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఆ లెక్క నీడలో, నీడ మాత్రం లేదు. మొత్తం క్యాంపుకి రెండే చెట్లు, వాటి మధ్య ఉయ్యాల, ఆ నీడ వార్డెన్ సొంతం.

నువ్వు చదివేటప్పుడు ఒకటి గమనించు. మన లంకల్లో ఐదడుగులు తవ్వితే పార నీళ్ళల్లో ఉంటుంది, వానాకాలం అయితే అంత లోతు కూడా అక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచి మన ఊళ్ళకి కాలవ నీరు, ఎండాకాలం కాలవ కట్టేస్తే పూడిక తీసేటప్పుడు కూడా అడుగున బురదే. ఎంత తవ్వినా చుక్క తగలని నేల మన ఊహకి అందదు, అందుకే ఆ నవల మన డెల్టా పిల్లలు చదివితే వేరేగా తగుల్తుందని నా నమ్మకం. గోతులు తవ్వితే పిల్లలు మంచివాళ్ళవుతారని క్యాంపువాళ్ళు చెప్తారు, నిజానికి వార్డెన్ ఒక పాత నిధి కోసం వెతుకుతుంటుంది, పిల్లల్ని బాగుచెయ్యడం పేరు చెప్పి కూలి లేని కూలీల్ని పెట్టుకుంది. ఇది మీ నాన్నగారికి చెప్పు, ఆయనకి నాకంటే బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: మాస్టారండీ, మాది ఉల్లిపాయల వ్యాపారం. ఉల్లిపాయలు తిన్నోళ్ళ జోలికి విషపు బల్లులు రావని ఉందంట కదా, మా అబ్బాయి చెప్పేడు, నిజమేనా?
(తాడేపల్లిగూడెం)

జవాబు: కథలో నిజం, బయట కాదండి. ఆ పసుపు మచ్చల బల్లి రచయిత కల్పన, కరిస్తే మనిషి ప్రాణం పోయే అలాంటి బల్లి టెక్సాస్‌లో లేదు. సామ్ ఉల్లిపాయలు అన్ని రోగాలకీ మందని నమ్ముతాడు, చివర్లో పిల్లలిద్దర్నీ అవే కాపాడతాయి, చదవడానికి బాగుంటుంది. కానీ కోతల టైములో చేలో పాము కరిస్తే ఉల్లిపాయ, పసరు, మంత్రం ఏదీ వద్దండి, కట్టు బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, మనిషిని కదలనివ్వకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, విరుగుడు సూది అక్కడే ఉంటుంది. మీ అబ్బాయికి ఇది కూడా చెప్పండి.

ప్రశ్న: సార్, లా చదువుతున్నాను. ఇలాంటి క్యాంపులు నిజంగా ఉన్నాయా లేక పిల్లల్ని భయపెట్టడానికి పెంచి రాసేడా?
(రాజమండ్రి)

జవాబు: గ్రీన్ లేక్ కల్పితమే, కానీ నిజం దానికంటే ఘోరంగా ఉంది. ఫ్లోరిడాలో డోజియర్ అని మగపిల్లల సంస్కరణ పాఠశాల ఉండేది, 1900లో తెరిచేరు, 2011లో మూసేరు. మూసేక యూనివర్సిటీ వాళ్ళు అక్కడి శ్మశానం తవ్వితే 55 సమాధులు బయటపడ్డాయి, స్కూలు రికార్డుల్లో ఉన్నవాటికంటే ఎక్కువ. పెన్సిల్వేనియాలో లుజర్న్ కౌంటీ అనే చోట ఇద్దరు జడ్జీలు, పిల్లల్ని పెట్టే ప్రైవేటు నిర్బంధ కేంద్రాల వ్యవహారంలో డబ్బు తిన్నారు, చిన్న చిన్న తప్పులకి కూడా పిల్లల్ని లోపలికి పంపేరు, చాలామందికి లాయరు కూడా లేడు. 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వేల కేసుల్లో తీర్పులు కొట్టేసింది, జడ్జీల్లో ఒకాయనకి 28 ఏళ్ళ శిక్ష పడింది. ఇది నవల వచ్చిన తర్వాత బయటపడిన సంగతి.

మీరు లా కాబట్టి గాల్ట్ కేసు తప్పకుండా చదవండి. 1964లో అరిజోనాలో 15 ఏళ్ళ కుర్రోడు పక్కింటావిడకి ఫోన్లో బూతులు మాట్లాడేడని 21 ఏళ్ళు వచ్చేదాకా ఉంచేలా బాలల జైలు లాంటి స్కూలుకి పంపేసేరు, పెద్దవాడు అదే పని చేస్తే రెండు నెలలు మించి పడదు. 1967లో అమెరికా సుప్రీంకోర్టు పిల్లలకి కూడా లాయరు హక్కు ఉందని తేల్చింది. మరి స్టాన్లీకి లాయరు ఎందుకు లేడంటే వాళ్ళింట్లో డబ్బుల్లేవు, వాళ్ళమ్మ నిజం చెప్తే చాలు నాయనా అంది, వాడు నిజమే చెప్పేడు, ఎవరూ నమ్మలేదు. ఆకాశం నుంచి బూట్లు పడ్డాయంటే ఎవరు నమ్ముతారండి. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు.

ప్రశ్న: మాస్టారూ, ముత్తాత తండ్రి చేసిన తప్పుకి స్టాన్లీ శిక్ష అనుభవించడం ఏమిటండి, పిల్లలకి మూఢనమ్మకం నేర్పినట్టు కాదా?
(అమలాపురం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. స్టాన్లీ ముత్తాతకి నాన్న ఎల్యా, లాట్వియాలో కుర్రోడిగా ఉన్నప్పుడు ఒక ముసలావిడ సాయం తీసుకుని, నిన్ను కొండ మీదకి మోసుకెళ్ళి ఏరు నీళ్ళు తాగిస్తాను, పాట పాడతాను అని మాటిచ్చి, మనసు విరిగి అమెరికా ఓడెక్కేసి మర్చిపోయేడు, అక్కణ్ణించి ఆ ఇంటికి అన్నీ ఎదురుదెబ్బలే. కానీ మళ్ళీ చదివితే నాకు అది శాపంలాగ కాకుండా తీర్చని అప్పులాగ కనిపించింది. స్టాన్లీకి ఆ సంగతి తెలియదు, నీరసించి పడిపోయిన స్నేహితుడు జీరోని భుజాన వేసుకుని కొండెక్కుతాడు, నీళ్ళు తాగిస్తాడు, పాట పాడతాడు, ఆ స్నేహితుడు ఆ ముసలావిడ వంశంలోవాడే. పుణ్యం కోసం చెయ్యలేదు, మొక్కు తీర్చడానికి చెయ్యలేదు, వాణ్ణి వదిలెయ్యలేక చేసేడు. ఇది మూఢనమ్మకం అని నేననలేనండి.

ప్రశ్న: సార్, బూట్లు నిజంగా తీసింది జీరో కదా, మరి స్టాన్లీకి వాడి మీద కోపం ఎందుకు రాలేదు? నాకైతే వచ్చింది.
(ఎనిమిదో క్లాసు, నరసాపురం)

జవాబు: కోపం రావడం తప్పు కాదమ్మా. జీరో అసలు పేరు హెక్టర్, ఇల్లు లేదు, అమ్మ ఎక్కడికో వెళ్ళి తిరిగి రాలేదు, కాళ్ళకి ఏవో బూట్లు కావాలి, అవి ఎవరివో వాడికి తెలీదు. గొడవ అవుతోందని చూసి ఒక కారు మీద పెట్టేసి వెళ్ళిపోయేడు, మర్నాడు ఇంకో షాపులో కొత్త జత వేసుకుని బయటికి నడుస్తుంటే దొరికేడు. అంటే తప్పు చేసినవాడూ చెయ్యనివాడూ ఒకే చెరువులో పక్కపక్కన తవ్వుతున్నారు. నువ్వు ఇప్పుడు ఇది ఆలోచించు: స్టాన్లీ దొంగ కాదు కాబట్టి ఆ క్యాంపు అన్యాయం అంటున్నాం, మరి హెక్టర్ తీసేడు కదా, వాడికి ఆ క్యాంపు న్యాయమా? చెప్పుల్లేని పిల్లోడు చెప్పులు తీస్తే నాలుగు టన్నుల మట్టి ఎత్తించాలా? నాకు మటుకు కాదు. మళ్ళీ నాకు రాయి, నీ జవాబు వేస్తాను.

ప్రశ్న: (ఊరూ పేరూ వెయ్యొద్దన్నారు) మాస్టారూ, మావాడికి 14 ఏళ్ళు. మూడు నెలల క్రితం ఒక షాపులో సెల్‌ఫోన్ పోయింది, ఆ టైముకి మావాడు రీచార్జికని అక్కడ నిలబడ్డాడు. వీడే తీసేడని అందరి ముందూ జేబులు తడిమేరు, రెండు దెబ్బలు వేసేరు, స్టేషన్‌కి తీసుకెళ్ళి రాత్రిదాకా కూర్చోబెట్టేరు. మర్నాడు ఆ ఫోను వాళ్ళ బియ్యం బస్తాల సందులోనే దొరికింది. దొరికింది లెండి అన్నారు, అంతే. అప్పట్నుంచి మావాడు బజారు మీదుగా స్కూలుకి వెళ్ళడం లేదు, కాలవ గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. మీరు రాసిన కథ చదివితే మావాడే గుర్తొచ్చేడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం వారం రోజులు నా టేబుల్ మీదే ఉంది.

ముందు చట్టం సంగతి చెప్తాను, తెలిసుంటే మీకు ధైర్యం. మన దేశంలో 2015లో చేసిన బాలల న్యాయ చట్టం 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ళలోపు పిల్లల్ని ముందు నిర్దోషులుగానే చూడాలి, లాకప్పులో పెట్టకూడదు, జైల్లో ఉంచకూడదు, పట్టుకుంటే 24 గంటల్లోపు బాలల న్యాయమండలి ముందుకి తీసుకురావాలి. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్ళలో కనీసం ఒకరు ఆడవాళ్ళు అయ్యుండాలి. పిల్లల్తో మాట్లాడే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, బేడీలు వెయ్యకూడదు. మామూలు దొంగతనం లాంటి చిన్న నేరాలకి పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా కట్టరు. పిల్లోడి పేరు, ఫొటో, స్కూలు పేపర్లో గానీ టీవీలో గానీ వేస్తే అది నేరం. పిల్లలకి ఉచితంగా లాయర్ని ఇస్తారు, జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోను 15100. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మీవాణ్ణి కొట్టినదాని మీద, రాత్రిదాకా కూర్చోబెట్టినదాని మీద మీరు కాగితం పెట్టాలనుకుంటే ఆ లాయరుగారు రాసిపెడతారు, పెట్టాలా వద్దా అన్నది మాత్రం మీవాణ్ణి అడిగి చెయ్యండి.

ఇంక రెండోది. నవల చివర్లో స్టాన్లీ తరఫున ఒక లాయరమ్మ వస్తుంది. ఆవిడ చేసిన పని చాలా చిన్నదండి, బూట్లు పోయిన టైముకి ఈ పిల్లోడు ఎక్కడున్నాడు అని కనుక్కుంది. స్కూల్లో వాణ్ణి ఏడిపించే ఒక కుర్రోడు నోట్సు తీసుకెళ్ళి బాత్రూములో పడేస్తే వీడు దాన్ని తీసుకోవడానికి తంటాలు పడుతున్నాడు, ఆ ఏడిపించినవాడే సాక్షి. మొదటి రోజే ఎవరో ఒకరు ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే క్యాంపు లేదు, గోతులు లేవు. బేస్‌బాల్ సీజన్ అని ఆ ఆటగాడి వీలు కోసం విచారణ నెలల తరబడి వాయిదా వేసేరు గానీ పిల్లోణ్ణి ఆ ప్రశ్న అడగడానికి ఎవరికీ టైము లేకపోయింది.

నేనూ అడగలేదమ్మా. అది చెప్పకుండా మీకు సలహా ఇచ్చే హక్కు నాకు లేదు. ముప్ఫై ఏళ్ళ క్రితం మాట, నేను పనిచేసే హైస్కూల్లో పరీక్ష ఫీజుల కవరు నా టేబుల్ మీంచి కనపడకుండా పోయింది. ఇంటర్‌వెల్లో లెక్క పూర్తి చేసుకుంటూ క్లాసులో ఉండిపోయినవాడు ఒక్కడే, కూలివాళ్ళ పిల్లోడు, ఆ రోజు వాడి కాళ్ళకి కొత్త హవాయి చెప్పులున్నాయి. ఆ చెప్పులు చూసి నేను తీర్పు చెప్పేసేను. ఎక్కడివిరా అని మామూలుగా అడిగినా వాడు చెప్పేవాడు, వాళ్ళ మేనమామ కొనిచ్చేడు, నేను మాత్రం అరిచేను, రెండు రోజులు బయట ఎండలో నిలబెట్టేను, వాళ్ళమ్మని పిలిపించి అందరి ముందూ అడిగేను, ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. నాలుగో రోజు ఆ కవరు పాత హాజరు పట్టీల కట్టలో దొరికింది, నేనే సర్దేను. నేను వాడితో అన్న మాట, సర్లే దొరికింది, వెళ్ళి కూర్చో. మీతో వాళ్ళన్న మాటే.

లెక్కల్లో ముందుండే కుర్రోడు, ఆ తర్వాత క్లాసులో చెయ్యెత్తడం మానేసేడు. చాలా ఏళ్ళకి రావులపాలెం బస్టాండులో కనిపించేడు, గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చేడట, నా చేతిలో సంచీ లాక్కుని బస్సు దాకా మోసేడు. అప్పుడు అడిగేను, ఆ రోజు క్లాసందరి ముందూ నువ్వు తియ్యలేదని నేను చెప్పాల్సింది రా, చెప్పలేదు, తప్పు నాది అని. వాడు కాసేపు ఆగి, "మా అమ్మకి చెప్పుంటే బాగుండేదండి మాస్టారూ" అన్నాడు. ఆవిడ అప్పటికి పోయి రెండేళ్ళు.

అందుకని అమ్మా, నా మాట వినండి. నింద అందరి ముందూ వేసేరు, కాదని చెప్పడం కూడా అందరి ముందూ జరగాలి. ఊళ్ళో ఆ షాపాయన గౌరవించే మనిషి ఎవరైనా ఉంటే, మీ స్కూలు హెడ్మాస్టారో, పెద్దమనిషో, ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్ళి అడగండి, సాయంత్రం బేరాల టైములో, అదే షాపు ముందు, ఈ పిల్లోడు తియ్యలేదు, మేం పొరబడ్డాం అని చెప్పమని. డబ్బులిస్తామంటే వద్దనండి, ఆ మాటే కావాలనండి. మీవాడు రానంటే బలవంతం వద్దు, వాడి బదులు మీరు వినండి, మీకు చెప్పడం కూడా ముఖ్యమే, నాకు బస్టాండులో తెలిసింది అదే. ఒకవేళ వాడు నిద్ర సరిగా పోకపోయినా, తిండి తగ్గినా 14416 కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో మాత్రం "పోనీలే అయిపోయింది కదా" అనే మాట ఎవర్నీ అననివ్వకండి. వాడికి ఇంకా అవ్వలేదు. ఏం జరిగిందో నాకు మళ్ళీ రాయండి, ఈ పేజీలో వెయ్యను.

ప్రశ్న: అయ్యా, నాకు 68 ఏళ్ళు. మనవడు ఆరో క్లాసు, తెలుగు కూడా కూడబలుక్కుని చదవలేడు, క్లాసులో మొద్దు అంటున్నారట. మీ పేజీ మా కోడలు చదివి వినిపించింది. అందులో చదువు రాని పిల్లాడు ఉన్నాడన్నారు కదా, వాడికి ఎలా వచ్చింది?
(ముమ్మిడివరం నుంచి ఒక మామ్మగారు)

జవాబు: మామ్మగారూ, ఆ పిల్లోడే జీరో. బుర్రలో ఏమీ లేదు కాబట్టే ఆ పేరు అని క్యాంపులో పెద్దమనిషొకాయన వాడి మొహం మీదే అంటాడు. స్టాన్లీ కూడా మొదట్లో నాకు నేర్పడం రాదు, ఓపిక లేదు అనేస్తాడు, తర్వాత ఒప్పుకుంటాడు, దానికి బదులు జీరో రోజూ కాసేపు స్టాన్లీ గొయ్యి తవ్విపెడతాడు. ఇంగ్లీషు అక్షరాలు 26 కదా, రోజుకి ఐదు చొప్పున ఐదు రోజులు అని స్టాన్లీ అంటే, ఆఖరి రోజు ఆరు నేర్చుకోవాలి అని జీరో టక్కున చెప్తాడు. మొద్దు అన్నవాడి బుర్రలో లెక్క అలా ఉంది, అడిగినవాడు లేడంతే.

మీరు మీ మనవడి పేరులో అక్షరాలతో మొదలెట్టండి, ఎవరికైనా సొంత పేరు రాసుకోవడం ముద్దుగానే ఉంటుంది. పొద్దున్నే స్కూలుకి వెళ్ళకముందు పది నిమిషాలు చాలు, అంతకంటే వద్దు, తప్పు చదివితే నవ్వనివ్వకండి ఇంట్లో ఎవర్నీ. మీకు అక్షరాలు రాకపోతే కోడలు పక్కన కూర్చోవాలి, మీరూ నేర్చుకోండి వాడితో పాటు. గుణింతాలు, ఒత్తులు తర్వాత చూద్దాం. మనకి పెద్దబాలశిక్ష లెక్కన 56 అక్షరాలు, రోజుకి ఐదు చొప్పున పదకొండు రోజులు, ఆఖరి రోజు ఆరు. ఆ ఆరో అక్షరం సంగతి మీరు చెప్పకండి, వాణ్ణే లెక్క కట్టమనండి.